అంజన్ గడ్డి విత్తనం ఎందుకు మొలవలేదు?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండెకరాల ఎర్రనేల బీడుగా ఉంది, గొర్రెలున్నాయి. పోయిన సంవత్సరం బంధువుల చేలో అంజన్ గడ్డి కంకులు దూసుకొచ్చి, అదే వారంలో మడక సాళ్లలో వేశాను. ఒక్క మొక్కా రాలేదు. అది తాలు విత్తనమా? మా గట్టు మీద అలాంటిదే ఇంకో గడ్డి ఉంది, కంకి చేతికి గుచ్చుకుంటుంది. అదీ అంజనేనా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అంతా తాలు అయ్యుండదు. మీరు వేసిన సమయం, లోతు రెండూ దానికి సరిపోలేదు. అంజన్ కొత్త విత్తనం నిద్రావస్థలో ఉంటుంది. దూసిన వెంటనే వేస్తే ఎంత పదునున్నా చాలావరకు మొలవదు. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది, గోనెసంచిలో పొడిగా నిల్వ ఉంచాలి. ఇక మడక సాలులో పడిన గింజ అంగుళాల లోతున కూరుకుపోతుంది. అంత మట్టిని తోసుకుని పైకి వచ్చే బలం ఈ చిన్న మొలకకు లేదు. ఒక సెంటీమీటరు మట్టి కప్పితే చాలు.

మీరు దూసుకొచ్చింది ఒట్టి గింజ కూడా కాదు. ఈ గడ్డిలో ఒకటి నుంచి నాలుగు చిరుకంకులు కలిసి, చుట్టూ మెత్తటి నూగుతో ఒక గుత్తిగా ఉంటాయి. పండాక గుత్తి మొత్తంగా రాలుతుంది. కొన్ని గుత్తుల్లో గింజే ఉండదు. గుప్పెడు తీసుకుని అరచేతిలో నలిపి ఊదితే ఎన్నింటిలో గింజ ఉందో మీకే తెలుస్తుంది. నూగు వల్ల విత్తనం గాలికి ఎగిరిపోతుంది, చీమలూ మోసుకుపోతాయి. అందుకే తడి మట్టి కలిపి, చిన్న ఉండలు చేసి చల్లమంటాం.

గట్టు మీది గడ్డి విషయం. అంజన్ కంకి నక్క తోకలా ఒత్తుగా, కొంచెం ఊదా రంగు కలిసి, చేతికి మెత్తగా తగులుతుంది. గుచ్చుకుంటూ, గుడ్డకు, గొర్రె బొచ్చుకు అంటుకుంటుంటే అది ఇదే కుటుంబంలోని ముళ్ల జాతి కావచ్చు. దాని ముళ్లకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. అది ఏకవార్షికం, గింజ రాల్చి ఎండిపోతుంది. అంజన్ బహువార్షికం. వేసవిలో పైన ఎండినా దుబ్బు బతికే ఉంటుంది, వాన పడగానే మొదలు నుంచి పిలకలు వేస్తుంది. అనుమానముంటే ఒక దుబ్బు వేర్లతో, కంకితో తవ్వి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.

అంజన్ శాస్త్రీయ నామం సెంక్రస్ సిలియారిస్. ఆఫ్రికాతో పాటు అరేబియా, మన దేశపు పొడి ప్రాంతాలూ దీని సొంతచోట్లే. వేర్లు రెండు మీటర్ల దాకా దిగుతాయి. కాడ మొదట్లో కాస్త ఉబ్బిన భాగం ఉంటుంది, తిరిగి చిగురించడానికి కావాల్సిన ఆహారమంతా అక్కడే దాచుకుంటుంది. మీ జిల్లాలో ఏడాదికి పడే 550 మిల్లీమీటర్ల వాన దీనికి చాలు. తట్టుకోలేనిది నీటి నిల్వనే. నంద్యాల వైపు బరువు నల్లరేగళ్లలో దీన్ని నేను సూచించను.

మీకు నా సలహా: విత్తనం కంటే పిలకలే మేలు. బంధువుల చేలో ముదిరిన దుబ్బులు తవ్వి, పై ఆకు జానెడు ఉంచి కోసి, చీల్చి, వానలు కుదిరాక రెండు మూడు పిలకల చొప్పున నాటండి. సాళ్ల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగు. మధ్యలో స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత మొక్క విత్తనం చల్లితే మాంసకృత్తులు దొరుకుతాయి, నేలకు నత్రజని అందుతుంది. అంజన్ చాలావరకు ఫలదీకరణం లేకుండానే గింజ కడుతుంది కాబట్టి పిల్ల మొక్కలు తల్లిలాగే ఉంటాయి. మంచి దుబ్బులు ఎంచుకుంటే ముందు ముందు విత్తనం కొనే పనే ఉండదు.

మొదటి ఏడాది మాత్రం గొర్రెలను వదలకండి. ఆశ పడతారని తెలుసు, కానీ చాలామంది బీడు పాడయ్యేది ఇక్కడే. గింజ రాలాక మాత్రమే పైపైన కోసుకోండి. తర్వాతి ఏళ్లలోనూ నాలుగైదు అంగుళాలు నేల మీద వదిలి కోయాలి. నేలమట్టంగా కొరికిస్తే ఆ ఉబ్బిన మొదలు దెబ్బతిని దుబ్బు చచ్చిపోతుంది.

ఒక జాగ్రత్త. ఆస్ట్రేలియాలో, అమెరికాలోని అరిజోనాలో మేత కోసం తెచ్చిన ఇదే గడ్డి అడవుల్లోకి పాకి కలుపుగా మారింది. పంట చేల గట్ల మీద నాటవద్దు. లేత చిగురులో ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి ఆకలిగొన్న మందను ఒక్కసారిగా అందులోకి తోలకుండా, ముందు కొంత వేరుశనగ కట్టె మేపి వదలండి.