చీపురు పైకి లేవని రోజుల్లో

ప్రశ్న: నాకు 19 ఏళ్లండి, చిన్నప్పట్నుంచీ బొమ్మలేస్తాను. జపాన్ యానిమేషన్ సినిమాలు వరసపెట్టి చూసి సొంతంగా ఒక కామిక్ మొదలెట్టా, నాలుగు పేజీలయ్యాక చెయ్యి ఆడట్లేదు, ఏం గీసినా ఎక్కడో చూసిందే అనిపిస్తోంది. ఆ సినిమాల్లో పిల్లలకి మాత్రం అన్నీ ఇట్టే కుదిరిపోతాయేంటి?

జవాబు: ఇట్టే కుదిరిపోతాయా, ఎక్కడండీ బాబూ! 'కికీస్ డెలివరీ సర్వీస్' (1989, డైరెక్టర్ మియజాకి) ఇంకోసారి చూడండి. పదమూడేళ్ల మంత్రగత్తె పిల్ల ఇల్లొదిలి ఊరుకాని ఊరొచ్చి, తనకొచ్చిన ఒకే ఒక్క విద్య, అదే చీపురెక్కి ఎగరడం, దాంతోనే పార్సిళ్లు చేరవేస్తూ బతుకుతుంటే ఓ రోజు ఆ ఎగరడం కాస్తా పోతుంది. శాపం లేదు, విలన్ లేడు, ఊరికే పోతుంది. అప్పుడు అడవిలో ఉండే ఉర్సులా అనే పెయింటర్ తన గోడు చెప్తుంది, ఒకప్పుడు తనకీ బొమ్మ రాలేదని, వేసినవన్నీ ఎక్కడో చూసినవాటికి కాపీలేనని అప్పుడే తెలిసిందని. అచ్చం మీ బాధే కదా? ఆమె మందు కూడా సింపులే: గీస్తూనే ఉండు, అప్పటికీ రాకపోతే ఆపెయ్, అలా తిరిగిరా, కాసేపు పడుకో. కికీ చివర్లో మళ్లీ ఎగురుతుంది గానీ అదీ అరువు తెచ్చుకున్న, నేల ఊడ్చే బ్రష్ మీద, వంకరటింకరగా. తనతో మాట్లాడే పిల్లి జీజీ అయితే జపనీస్ వెర్షన్‌లో మళ్లీ మాట్లాడనే మాట్లాడదు (డిస్నీ ఇంగ్లీష్ డబ్బింగ్‌లో మాట్లాడించేశారు, నాకస్సలు నచ్చలేదు).

ఇక 'విస్పర్ ఆఫ్ ది హార్ట్' (1995). కొండో యొషిఫుమి డైరెక్ట్ చేసిన ఫీచర్ సినిమా అదొక్కటే, 1998లో 47 ఏళ్లకే పోయారాయన. అందులో షిజుకు అనే స్కూలమ్మాయి చదువు పక్కన పడేసి కథ రాస్తుంది, మార్కులు ఘోరంగా పడిపోతాయి, రాసింది పాత సామాన్ల షాపు తాతకి చూపించి బాలేదు బాలేదు అని ఏడుస్తుంది. తాత బాగుందంటాడు గానీ, గరుకుగా ఉంది, ఇంకా పూర్తవలేదు, తొందరేం లేదు అని కూడా అంటాడు. ఆ పిల్లకి ప్రైజూ రాదు, పుస్తకమూ అచ్చవదు, వెళ్లి మళ్లీ చదువుకుంటుంది అంతే! నాకైతే పెరగడమంటే ఏంటో ఇంత నిజాయితీగా చూపించిన సీను ఇంకోటి కనపడలేదు. మీ నాలుగు పేజీలు ఎవరికైనా చూపించారా? లైకులు కొట్టే వంద మందికి కాదు, మొత్తం చదివే ఒక్కరికి.

ప్రశ్న: పక్కవాళ్ల టాలెంట్ చూసి కుళ్లుకునేవాళ్ల మీద సినిమా ఏదైనా ఉందా? (ఫ్రెండ్ కోసం అడుగుతున్నా)

జవాబు: ఫ్రెండ్ కోసమే లెండి, నమ్మాం. 'లుక్ బ్యాక్' (2024), 58 నిమిషాలే. స్కూల్ పత్రికలో ఫుజినో అనే అమ్మాయి కామిక్ పక్కన, అసలు స్కూలుకే రాని క్యోమొతో అనే ఇంకో అమ్మాయి బొమ్మ పడుతుంది, అది చూసి ఫుజినోకి మండిపోతుంది. ఏళ్ల తరబడి కూర్చుని ప్రాక్టీసు చేస్తుంది, అయినా అందుకోలేక వదిలేస్తుంది. తీరా చూస్తే ఆ క్యోమొతో ఈమెకి వీరాభిమాని, ఎదురుపడగానే సెన్సే (గురువుగారూ) అని పిలుస్తుంది! ఫుజినో అక్కడ మాత్రం ఏం పట్టనట్టు బిల్డప్ ఇచ్చి, తిరిగొస్తూ దారంతా వానలో గంతులేసుకుంటూ ఇంటికెళ్లి తడిబట్టలతోనే గీయడానికి కూర్చుంటుంది. తర్వాతేమైందో చెప్పను, మీ ఫ్రెండ్‌ని కర్చీఫ్ పక్కన పెట్టుకుని చూడమనండి.