మహమ్రి పొంగాలంటే

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నైరోబీ వెళ్లిన నెలకే మహమ్రి, అదే కెన్యా తీరంలో నూనెలో వేయించే ఆ తీపి రొట్టె, వండాలనుకున్నావంటే ఎంత సంతోషం వేసిందో! నువ్వు పంపిన ఫోటో చాలాసేపు చూశాను. త్రికోణాలు చక్కగా కోశావు, రంగూ బాగానే వచ్చింది. కానీ ఒక్కటీ పొంగలేదు. మహమ్రి లోపల గుల్లగా ఉండాలి, తుంచగానే యాలకుల వాసనతో ఆవిరి రావాలి.

పిండి పులియకముందే వత్తేశావని నా అనుమానం. అక్కడి స్వాహిలీ భాషలో ఈస్టును హమీరా అంటారు. మహమ్రి పేరులో ఉన్నదీ ఆ పులియడమే. నేను సముద్రతీరాన మొంబాసాలో ఉన్నప్పుడు, ఆ ఉక్కపోతలో నా పిండి గంటకే రెట్టింపయ్యేది. నీది దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న చల్లటి ఊరు, పైగా జూలై చలి. రెండు గంటలైనా పట్టవచ్చు. గంటలు లెక్కపెట్టుకోవద్దు, రెట్టింపయిందా లేదా అన్నదే చూడు.

కొలత ఇది: అర కిలో మైదా, 100 గ్రాముల పంచదార, చెంచాన్నర ఈస్టు, చెంచా యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. పంచదార ఇంతకు మించితే పులియడం మందగిస్తుంది, నూనెలో వేయగానే నల్లబడుతుంది. యాలకులు మాత్రం అప్పటికప్పుడు దంచు.

నీళ్లకు బదులు కొబ్బరిపాలు పోయాలి. మా ఎదురింటి అవ్వ రోజూ తెల్లవారుజామున ఎంబూజి మీద కూర్చుని కొబ్బరి కోరేది. ఎంబూజి అంటే మేక అని అర్థం, కానీ ఇక్కడ కొబ్బరి కోరే పీట. మడత పీటకు ముందువైపు పళ్లున్న ఇనుప బిళ్ల పొడుచుకొచ్చి ఉంటుంది. కోరును పిండగా మొదట వచ్చే చిక్కటి పాలనే ఆవిడ పిండిలో పోసేది. నువ్వు డబ్బా పాలు వాడినా ఫరవాలేదు. ముందు 250 మిల్లీలీటర్లు పోసి, ఆపైన చెంచాలతో చూసుకో. పాలు గోరువెచ్చగానే ఉండాలి, వేడిగా పోస్తే ఈస్టు చచ్చిపోతుంది. పది నిమిషాలు అరచేతి కిందిభాగంతో బాగా మర్దించు.

పులిసిన పిండిని ఆరు ఉండలు చేసి అర సెంటీమీటరు మందాన వత్తు. పూరీలా పలుచగా వత్తకు, కరకరలాడిపోతాయి. ఒక్కో దాన్ని నాలుగు ముక్కలు కోసి, బట్ట కప్పి మరో ఇరవై నిమిషాలు వదిలెయ్యి. చాలామంది ఈ రెండో విరామం ఇవ్వరు. ముక్క పట్టుకుంటే దూదిలా మెత్తగా తగలాలి. పొడిపిండి అంటి ఉంటే దులుపు, నూనెలో మాడి చేదెక్కుతుంది.

బాణలిని అక్కడివాళ్లు కూడా కరాయి అనే అంటారు, మన దేశం నుంచి వెళ్లిన మాటే. మధ్యస్థంగా మంట పెట్టి, ముక్క పైకి తేలగానే గరిటెతో వేడి నూనె దానిమీద పోస్తూ ఉండు. కళ్లముందే బుడగలా ఉబ్బుతుంది. అప్పుడు తిప్పు.

వీటితో కందులు వండు. పప్పు కాదు, పొట్టుతో ఉన్న కందులే. రాత్రి నానబెట్టి ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి కొబ్బరిపాలలో మగ్గించాలి. ఎంబాజి వా నాజి అంటారు. మొంబాసాలో పొద్దున్నే మహమ్రికి అదే జోడు. తీపి, కారం కలిసి ఎంత బాగుంటాయో తిన్నాక నీకే తెలుస్తుంది.

ఆదివారం మళ్లీ చెయ్యి. ఈసారి ఒకటి తుంచి, లోపలి గుల్ల కనిపించేలా ఫోటో పంపు.

ప్రేమతో,
అత్తయ్య