క్రిస్మస్ సెలవుల్లో పెళ్లి: ఏ ఊరు మేలు?

ప్రశ్న: మాది మచిలీపట్నం. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘానికి చెందినవాళ్లం. కాబోయే అల్లుడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అతనికి డిసెంబరు 20 నుంచి జనవరి 3 వరకే సెలవు. పిల్లలిద్దరూ గోవా అంటున్నారు, వియ్యాలవారు పుదుచ్చేరి అంటున్నారు, నాకేమో కొచ్చి మీద మనసుంది. రెండు వైపులా కలిపి 120 మంది వస్తారు, వారిలో పెద్దవయసువారే ఎక్కువ. ఏది ఎంచుకోమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు తేదీ తేల్చుకోండి. 25కు ముందు నాలుగు వారాలు క్రీస్తు రాకకు సిద్ధపడే ఆగమన కాలం (అడ్వెంట్) కావడంతో కొన్ని సంఘాలు ఆ రోజుల్లో పెళ్లిళ్లకు ఇష్టపడవు. 24 రాత్రి, 25 ఉదయం ఆరాధనలతో, మళ్లీ 31 రాత్రి కూడికతో అయ్యగారికి గానీ క్వయర్‌వారికి గానీ ఊపిరి సలపదు. క్రిస్మస్ వారంలో దొరకడం కష్టమైనది హోటల్ గది కాదు, పెళ్లి జరిపించే పాస్టరుగారు. కాబట్టి మీకు మిగిలేవి 28, 29 తేదీలు. వాటిలో ఆదివారం ఏదైనా వస్తే దాన్ని కూడా వదిలేయండి.

గోవా విషయంలో పిల్లల ఉత్సాహాన్ని తప్పు పట్టలేం గానీ, మీ పరిస్థితికి అది సరిపడదని నా అభిప్రాయం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ గదుల అద్దెలు ఏడాది మొత్తంలో అత్యధికంగా ఉంటాయి. 120 మందికి ఒకేచోట విడిది దొరకడమే కష్టం, దొరికినా మూడు రాత్రుల కంటే తక్కువకు ఇవ్వమనే రిసార్టులు తగులుతాయి. పైగా అక్కడి క్రైస్తవ గుడులలో అత్యధికం కథోలిక గుడులు, వారి పద్ధతులు వేరు. గోవాకు తనదైన సివిల్ కోడ్ ఉంది. దాని ప్రకారం రిజిస్ట్రార్ ఎదుట రెండు విడతలుగా, మధ్యలో గడువుతో సంతకాలు చేయాలి కనుక రెండు వారాల సెలవులో అది కుదిరే పని కాదు. సముద్రపు ఒడ్డున ఉంగరాలు మార్చుకోవడం ముచ్చటగానే ఉంటుంది, అయితే వీసాకు కావలసింది వివాహ ధ్రువపత్రం.

పుదుచ్చేరిలో డిసెంబరు చివరి వారం వాతావరణం సాధారణంగా ప్రశాంతంగానే ఉంటుంది. కానీ 2011 డిసెంబరు 30న థానే తుపాను సరిగ్గా ఆ తీరాన్నే దాటింది. కాబట్టి అక్కడైతే ఆరుబయట పందిరి మీద ఆధారపడకుండా పైకప్పున్న హాలు కూడా మాట్లాడుకోవాలి.

బయట ఊరే కావాలనుకుంటే నా ఓటు ఫోర్ట్ కొచ్చికే. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి పోర్చుగీసువారు కట్టింది. డచ్చివారి కాలంలో ప్రొటెస్టెంటు గుడిగా, ఆంగ్లేయుల కాలంలో ఆంగ్లికన్ గుడిగా మారి, ఇప్పుడు మీ సీఎస్‌ఐ సంఘానిదే అయింది. 1524లో చనిపోయిన వాస్కోడగామాను మొదట పాతిపెట్టింది అందులోనే. పైకప్పు నుంచి వేలాడే పొడవాటి గుడ్డ పంఖాలు, వాటిని బయటి నుంచి లాగే తాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రక్షిత కట్టడం కావడంతో పూల అలంకరణ, లైట్లు ఎంతవరకు పెట్టుకోవచ్చో ముందే అడిగి తెలుసుకోండి. 31 రాత్రి అక్కడ పాత సంవత్సరానికి గుర్తుగా పప్పాంజి అనే ముసలివాడి బొమ్మను తగలబెట్టే వేడుకకు జనం పోటెత్తుతారు కనుక మీ బంధువులు 30 మధ్యాహ్నానికే బయలుదేరేలా చూసుకోవాలి.

ప్రయాణం విషయంలో ఒక చిక్కుంది. శబరిమల యాత్రల కాలం కావడంతో మన జిల్లాల నుంచి కేరళ వెళ్లే రైళ్లన్నీ అయ్యప్ప స్వాములతో కిటకిటలాడతాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి మొదటి రోజు ఉదయమే పెద్దవాళ్లకు కింది బెర్తులు పట్టాలి.

కాగితాల సంగతి కొస్తే, మీ సంఘంలోనూ అబ్బాయి సంఘంలోనూ ఆరాధనలో వివాహ ప్రకటనలు చదివించి, ఇద్దరు అయ్యగార్ల వద్ద అభ్యంతరం లేదన్న లేఖలు తీసుకుని కొచ్చి సంఘానికి పంపాలి. కేరళలో 2008 నియమాల ప్రకారం ఏ మతస్థులైనా 45 రోజుల్లోగా స్థానిక సంస్థలో పెళ్లి నమోదు చేయించాలి, అయితే అల్లుడు 3న విమానం ఎక్కాలి కనుక మీరు పెళ్లి తర్వాత వచ్చే మొదటి పనిదినానే ఆ పని పెట్టుకోండి.

ఒకవేళ పెద్దవాళ్లలో నలుగురైదుగురు అంతదూరం రాలేమంటే ఆరాధన బందరులోనే జరిపించి, పిల్లలిద్దరినీ కొచ్చికి విహారానికి పంపడం నయం. అలాగైతే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, ప్రత్యేక అనుమతి లేనిదే రాత్రి 7 దాటాక పెళ్లి జరిపించరాదని మరవకండి. ఏ ఊరైనా సరే, పాస్టరుగారు తేదీ ఖాయం చేసినట్లు రాతపూర్వకంగా ఇచ్చేదాకా హోటలుకు అడ్వాన్సు కట్టవద్దు.

ప్రశ్న: క్రిస్మస్‌కు సిమ్లాలో, మంచు కురుస్తుండగా పెళ్లి చేసుకోవాలని మా అబ్బాయి కోరిక. వీలవుతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పెళ్లి వీలవుతుంది, మంచుకు మాత్రం హామీ లేదు. సిమ్లాలో హిమపాతం ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పడుతుంది, డిసెంబరులో పడిన ఏళ్లూ ఉన్నాయి, చుక్క రాలని ఏళ్లూ ఉన్నాయి. అంతకంటే పెద్ద సమస్య కింద మైదానాల్లో పట్టే పొగమంచు. ఆ రోజుల్లో ఢిల్లీ, చండీగఢ్‌లకు వెళ్లే విమానాలు, రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతుంటాయి కాబట్టి పెళ్లివారంతా రెండు రోజుల ముందే కొండ ఎక్కేలా ఏర్పాటు చేసుకోగలిగితేనే ఆలోచించండి.