మీ ఉత్తరాలు – మా జవాబులు: సబ్‌మెరైన్ వాళ్ళకి స్మారకం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా విశాఖపట్నం నుంచే, అవీ దాదాపు ఒకే విషయం మీద. డిసెంబరు 8 సబ్‌మెరైన్ డే దగ్గర పడుతున్నందుకేమో. 1967లో ఆ రోజునే రీగా రేవులో మన మొదటి సబ్‌మెరైన్ ఐఎన్ఎస్ కల్వరి నేవీలో చేరింది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి వాయిదా వేసి, ఇవే తీసుకున్నాం.

ప్రశ్న: మా నాన్నగారు సోవియట్ తయారీ ఫాక్స్‌ట్రాట్ రకం సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన బ్యాచ్ వాళ్ళూ, మా కాలనీలో ఉన్న మాజీ నేవీ వాళ్ళూ చందాలు వేసుకుని సబ్‌మెరైనర్ల కోసం ఒక స్మారకం కట్టాలనుకుంటున్నారు. జంక్షన్ మధ్యలో 30 అడుగుల సిమెంటు సబ్‌మెరైన్ పెడదామని కొందరు, బీచ్‌లో మ్యూజియంగా కురుసుర సబ్‌మెరైన్ ఉండగా ఇంకోటి దేనికని కొందరు. నాన్నగారు మాత్రం నోరు విప్పరు. ఎక్కడ మొదలెట్టాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు ఆ జంక్షన్ ఆలోచన మానుకోండి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే అలాంటి స్థలాల్లో విగ్రహాలకి గానీ కట్టడాలకి గానీ అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలకి గట్టిగా చెప్పింది. ఆ తర్వాత కూడా ఊరూరా విగ్రహాలు లేస్తూనే ఉన్నాయంటారా, లేస్తున్నాయి, కానీ రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేవి కూడా అవే. బీచ్ పక్కనే కావాలంటే తీరప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) అనుమతి దగ్గర ఏళ్ళు గడిచిపోతాయి. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పార్కులో ఒక మూల అడగండి. మల్కాపురం, సింధియా వైపు అయితే ఇంకా మంచిది, నేవీ కుటుంబాలు ఉండేది అటే కదా. టూరిస్టుల కోసం కట్టడం లేదు మీరు.

ఇక కురుసుర సంగతి. 1969 డిసెంబరులో నేవీలో చేరి, 31 ఏళ్ళు పనిచేసి, 2002 ఆగస్టులో ఆర్కే బీచ్‌లో మ్యూజియం అయింది. అంత పెద్దదాన్ని సముద్రంలోంచి ఇసుక మీదకి లాక్కొచ్చి నిలబెట్టడం మామూలు పని కాదు, విశాఖ వాళ్ళు గర్వపడొచ్చు. లోపలికి వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే ఆ గుండ్రటి ఇనప కంతలోంచి ముందు కాలు పెట్టి, నడుం వంచి, ఆఖరున తల లాక్కోవాలి. ఒళ్ళున్నవాళ్ళు అక్కడ కాసేపు ఆగిపోతారు, వెనక క్యూలో పిల్లలు నవ్వుతారు. 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో యంత్రాలూ బ్యాటరీలూ టార్పెడోలూ పోగా మిగిలిన చోటులో 75 మంది వారాల తరబడి బతికారు, మంచాలు వంతులవారీగా వాడుకుంటూ, మంచినీళ్ళు లెక్క చూసుకుంటూ, ఒంటికి పట్టిన డీజిల్ వాసనతోనే ఇంటికొస్తూ. గైడ్లుగా ఉండే రిటైర్డ్ నేవీ వాళ్ళు ఇదంతా చక్కగా చెబుతారు. అయితే బయటికొచ్చాక ఆ 75 మందిలో ఒక్కరి పేరైనా మనకి గుర్తుంటుందా? అందులో ఎవరు పనిచేశారో చెప్పేది ఊళ్ళో ఇంకోటి ఉండాలి. మీ స్మారకానికి పని ఉన్నది అక్కడే, కాబట్టి సిమెంటు సబ్‌మెరైన్ మీకు అక్కర్లేదు. అసలుదే అక్కడుంటే నకలు ఎవరు చూస్తారు?

బయటి దేశాల్లో ఈ పని బాగా చేసినవాళ్ళు ఉన్నారు. అమెరికా సబ్‌మెరైన్ థ్రెషర్ 1963 ఏప్రిల్ 10న మునిగిపోయి 129 మంది చనిపోయారు. 2013లో మెయిన్ రాష్ట్రంలోని కిటరీ ఊళ్ళో వాళ్ళ కోసం జెండా స్తంభం నిలబెట్టారు, దాని ఎత్తు సరిగ్గా 129 అడుగులు. చనిపోయినవాళ్ళలో యూనిఫాం లేని సివిలియన్లు 17 మంది, వాళ్ళూ ఆ లెక్కలోనే ఉన్నారు. రష్యాలో 2000లో కుర్‌స్క్ మునిగి 118 మంది పోయారు. దాని వీపు మీద నిలువుగా ఉండే ఫిన్ ముర్మాన్‌స్క్‌లో పాత ఇనుము యార్డులో పడి ఉంటే, జనం గోల చేశాక తెచ్చి 2009లో స్మారకంలో పెట్టారు. ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉంది. తమిళనాడులో ఐఎన్ఎస్ వాగ్లి సబ్‌మెరైన్‌ని మామల్లపురం దగ్గర మ్యూజియం చేద్దామని ఎంతో ప్రచారం చేశారు, అది ముందుకు సాగనే లేదు. పెద్దది తలపెడితే అలాగే అవుతుంది.

మీకు కావలసింది ఒక గోడ, దాని మీద పేర్లు. చీమకుర్తి గెలాక్సీ రాయి అడక్కండి. మెరుపు చుక్కలు చూడ్డానికి బాగుంటాయి గానీ చిన్న అక్షరాలు ఆ చుక్కల్లో కలిసిపోతాయి. చుక్కల్లేని నల్ల గ్రానైట్ చాలు. అక్షరాలు చెక్కించండి, స్టీలువీ ఇత్తడివీ అంటించొద్దు, విశాఖ ఉప్పుగాలికి రెండేళ్ళలో మరకలు కట్టి ఒక్కొక్కటే రాలిపోతాయి. చెక్కే ముందు ప్రతి పేరూ ఆ ఇంటివాళ్ళకి కాగితం మీద చూపించి సంతకం తీసుకోండి. సర్వీసు రికార్డులో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, పిలుపు ఇంకోటి, ఇది ప్రతి తెలుగింట్లో ఉన్న గొడవే. రాయి మీద తప్పు పడితే ఇక దిద్దుకోలేరు.

ఏ వరసలో వేయాలన్నది మీలో పెద్ద తగవు అవుతుంది, ఇప్పుడే చెబుతున్నా. నన్నడిగితే ర్యాంకు ప్రకారం వద్దు, బోటు ప్రకారం, అంటే ఏ సబ్‌మెరైన్ వాళ్ళని ఆ సబ్‌మెరైన్ కింద వేయండి. కల్వరి, ఖండేరి, కరంజ్, కురుసుర, తర్వాత వేలా, వాగిర్, వాగ్లి, వాగ్‌షీర్, ఫాక్స్‌ట్రాట్‌లు మనకున్నవి ఈ ఎనిమిదే. ఒక్కో బోటు కింద అందులో పనిచేసినవాళ్ళు, వంటవాడైనా కెప్టెనైనా, అక్షర క్రమంలో. నీటి కింద ఒకరు వాల్వు సరిగా కట్టకపోతే అందరూ పోతారు, అలాంటి చోట పనిచేసినవాళ్ళని గోడ మీద మెట్లుగా పేర్చడం ఏం బాగుంటుంది? ఇప్పుడు తిరుగుతున్న బోట్ల జోలికి మాత్రం వెళ్ళకండి. జాబితా పూర్తయ్యాక తూర్పు నౌకాదళం వాళ్ళకి ఒకసారి చూపించాకే పని మొదలెట్టండి.

ఇక మన తెలుగువాళ్ళ జబ్బు ఒకటుంది, శిలాఫలకం. స్మారకం మీద అమరుల పేర్లు వేలెడంత, ప్రారంభించినవారి పేరు మూరెడంత, దాని కింద కార్పొరేటర్, దాని కింద దాతలు, వాళ్ళ వ్యాపారాలు, సెల్ నంబర్లు కూడా! దాతలకి రసీదు ఇవ్వండి, ఒక పుస్తకంలో పేర్లు రాయండి, గోడ మీద మాత్రం ఎవరూ వద్దు. ఈ మాట చందా అడిగేటప్పుడే చెప్పేస్తే తర్వాత టెన్షన్ ఉండదు. సొసైటీగా రిజిస్టర్ చేసుకుని, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరిచి, వచ్చిన డబ్బులో ఐదో వంతు కదపకుండా డిపాజిట్ వేయండి. దీపాలు పోతాయి, పిచ్చిమొక్కలు లేస్తాయి, వాటికి ఏ ఆఫీసూ డబ్బివ్వదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే మాజీ సైనికుల జాబితా విషయంలో దారి చూపిస్తారు.

నాన్నగారి మౌనం గురించి బెంగపడకండి. ఏళ్ళ తరబడి ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో కూడా చెప్పకూడని ఉద్యోగం చేశారాయన. స్మారకం ఎలా ఉండాలని అడిగితే ఏం చెబుతారు? తనతో ఎవరెవరు పనిచేశారని అడిగి, ఒక నోటు పుస్తకం చేతికివ్వండి.

ప్రశ్న: మా వారు సబ్‌మెరైన్‌లో ఎలక్ట్రికల్ సెయిలర్. యుద్ధంలో పోలేదు, ప్రమాదంలోనూ పోలేదు. రిటైరయ్యాక జబ్బు చేసి పోయారు. ఇలాంటి స్మారకం మీద ఆయన పేరు అడగడం బాగుంటుందా? నలుగురూ ఏమనుకుంటారోనని.
– ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: తప్పకుండా అడగండమ్మా. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం ప్రాణాలిచ్చినవాళ్ళది, అక్కడ మీ వారి పేరు ఉండదు. ఊళ్ళో కట్టే దాంట్లో ఉండొచ్చు, ఉండాలి కూడా. కాకపోతే రెండు గోడలు విడిగా ఉండాలని నా అభిప్రాయం. ఒకటి డ్యూటీలో పోయినవాళ్ళకి. 2013 ఆగస్టు 14న ముంబయి డాక్‌యార్డులో మన సబ్‌మెరైన్ సింధురక్షక్ పేలి 18 మంది పోయారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మరుసటి ఫిబ్రవరిలో ఇంకో సబ్‌మెరైన్ సింధురత్నలో పొగ కమ్ముకుంటే నేవీ అధికారులు కపీష్ మువాల్, మనోరంజన్ కుమార్ ప్రాణాలిచ్చారు, ఇద్దరికీ మరణానంతరం శౌర్యచక్ర ఇచ్చారు. ఇవన్నీ యుద్ధం లేని రోజుల్లో జరిగినవే. రెండో గోడ మీ వారిలా పనిచేసి ఇంటికొచ్చినవాళ్ళకి. రెండూ కలిపేస్తే ఈ గోడ వాళ్ళకీ, ఆ గోడ వాళ్ళకీ కూడా బాగోదు. ఆయన సర్వీసు పుస్తకం, పెన్షన్ కాగితాలు దగ్గర పెట్టుకోండి, ఏ బోటులో ఏ సంవత్సరాలో అందులోంచే రాసుకుంటారు. నలుగురి మాటకొస్తే, ఆయన సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇల్లు నడిపింది మీరు, ఆ నలుగురూ కాదు.

ప్రశ్న: విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీలో చనిపోయినవాళ్ళ ప్రస్తావన మన స్మారకంలో ఉండాలని మా మిత్రుడు వాదిస్తాడు. ఇదేం చోద్యం?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: పేర్లు అక్కర్లేదు, అది వాళ్ళ దేశం చూసుకుంటుంది. ఒక్క వాక్యం ఉంటే మాత్రం నాకేమీ అభ్యంతరం కనిపించదు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చి 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి 90 మందికి పైగా సిబ్బందితో ఘాజీ ఇక్కడే మునిగింది. 2024లో మన నేవీ దాని శకలాలు గుర్తించి, చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో ముట్టుకోకుండా వదిలేసిందని వార్తలొచ్చాయి. నేవీకే లేని పట్టింపు మనకెందుకు? అన్నట్టు మన తీరంలో మునిగింది ఘాజీ ఒక్కటే కాదు, 1944 ఫిబ్రవరి 11న జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110 కూడా విశాఖ దగ్గరే మునిగింది, దాన్ని ముంచిన ఓడల్లో అప్పటి మన జమున ఒకటి. ఇది చాలామంది విశాఖ వాళ్ళకే తెలియదు. బీచ్ రోడ్డులో 1971 విజయానికి స్తూపం ఎలాగూ ఉంది, గెలిచామని చెప్పుకోవడానికి అది చాలు.

ప్రశ్న: పిల్లల్ని తీసుకుని సోమవారం విశాఖ వస్తున్నాం, కురుసుర చూడొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సోమవారం సెలవు. మంగళవారం దాకా ఆగండి, రోడ్డు దాటితే మ్యూజియంగా మార్చిన నేవీ విమానం టీయూ-142 కూడా ఉంది, రెండూ ఒకే పూటలో అయిపోతాయి.