బలం ఉంది, వేగం లేదు

ప్రశ్న: మా ప్రెస్‌లోని హైడ్రాలిక్ సిలిండర్ బరువు లేపుతోంది కానీ నెమ్మదిగా, కుదుపులతో. ప్రెషర్ పెంచితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. బలాన్నిచ్చేది ప్రెషర్, వేగాన్నిచ్చేది ఆయిల్ ప్రవాహం. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ మీద 200 బార్ ప్రెషర్ పడితే సుమారు 16 టన్నుల తోపు వస్తుంది. నిమిషానికి 40 లీటర్ల ఆయిల్ అందితే సెకనుకు 8.5 సెంటీమీటర్లు కదులుతుంది. పంపు అరిగి 20 లీటర్లే ఇస్తే వేగం సగమే. ప్రెషర్ పెంచాలని రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకులోకి వదిలే వాల్వ్) బిగిస్తే గొట్టాలు పగలడమే మిగులుతుంది. కుదుపులకు కారణం చాలావరకు ఆయిల్‌లో చేరిన గాలే. ముందు ట్యాంకులో ఆయిల్ మట్టం, సక్షన్ గొట్టం (ట్యాంకు నుంచి పంపు ఆయిల్ పీల్చుకునే గొట్టం) క్లిప్పులు చూడండి.

ప్రశ్న: పీజో యాక్చుయేటర్ (వోల్టేజీ ఇస్తే కొద్దిగా సాగే సిరామిక్ పరికరం) ఎంత కదులుతుంది?

జవాబు: తన పొడవులో వెయ్యో వంతు, 20 మిల్లీమీటర్ల పొడవున్న పీజో పలకల దొంతర అయితే 20 మైక్రాన్లు. నొక్కుడుకు గట్టిదే, లాగితే పగులుతుంది. అందుకే స్ప్రింగుతో ముందే నొక్కి బిగించాలి.