ఎండలో ఫ్లాష్ పట్టుకున్న అమ్మడికి

చి. అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని తీరిగ్గా చూశాను. మూడోదాంట్లో కింది భాగమంతా నల్లటి పట్టీ పడింది, కెమెరా పాడైందేమో అని రాశావు. కెమెరాకేం కాలేదు, అది షట్టర్ తెర నీడ. ఏడో ఫోటో కింద నువ్వు రాసిన మాట మాత్రం నన్ను పట్టేసింది. "షట్టర్ 1/8000కి (సెకనులో ఎనిమిది వేలో వంతుకి) పెంచితే ఆకాశం ఇంకా నీలంగా వస్తుందనుకున్నా, మొహం కూడా చీకటైపోయింది" అన్నావు చూడు, నేనూ సరిగ్గా అక్కడే బోల్తా పడ్డవాణ్ణి. అందుకే ఫోన్ చేయకుండా కూర్చుని రాస్తున్నాను.

షట్టర్ అంటే సెన్సర్ ముందు, అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక ముందు, ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే రెండు తెరలు. మొదటిది తెరుచుకుంటూ పోతుంది, రెండోది మూసుకుంటూ వస్తుంది. 1/200 లేదా 1/250 దాకా మొదటి తెర పూర్తిగా తప్పుకున్నాకే రెండోది బయల్దేరుతుంది. సెన్సర్ మొత్తం తెరిచి ఉన్న ఆ క్షణంలో ఫ్లాష్ ఒక్కసారి మెరిస్తే పని అయిపోతుంది. ఆ హద్దునే సింక్ స్పీడ్ అంటారు. హద్దు దాటి వేగం పెంచితే తెరల పరుగు పెరగదు, రెండో తెర ముందే బయల్దేరుతుంది, అంతే. మధ్యలో ఒక సందు మాత్రం మిగులుతుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (పాత ఫిల్మ్ రీలు ఫ్రేమంత సైజుది) మీద 1/4000 దగ్గర ఆ సందు సుమారు రెండు మిల్లీమీటర్లు. మామూలు ఫ్లాష్ మెరుపు సందు ఎక్కడుంటే అక్కడే పడుతుంది, మిగతా చోట ఫ్లాష్ వెలుగు అందక చీకటి పడుతుంది. నీ మూడో ఫోటోకి జరిగిందదే. ట్రిగ్గర్ (కెమెరా మీద ఉండి ఫ్లాష్‌ని వెలిగించేది) హైస్పీడ్ సింక్‌లో లేదు.

హైస్పీడ్ సింక్‌లో ఫ్లాష్ ఒక్క మెరుపుగా రాదు. సందు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేదాకా సెకనుకు వేల సార్లు టపటపా కొట్టుకుంటూ, వెలిగే బల్బులా ఉంటుంది. కుండెడు నీళ్లు ఒకేచోట గుమ్మరించడం వేరు, అవే నీళ్లు దారి పొడవునా చల్లుకుంటూ పోవడం వేరు. చల్లిన నీళ్లలో చాలా భాగం మూసి ఉన్న తెరల మీద పడి వృథా అవుతుంది. సందు సన్నబడేకొద్దీ వృథా ఇంకా ఎక్కువ. ఈ ఏర్పాటు 1986లో ఒలింపస్ వాళ్ల ఓఎం-4టీఐ కెమెరాతో, ఎఫ్280 ఫ్లాష్‌తో వచ్చింది, అప్పట్లో 1/2000 దాకా. పేర్లు మారాయి గానీ కిటుకు అదే.

ఇప్పుడు నీ ఏడో ఫోటో. సింక్ స్పీడ్ లోపల ఉన్నంతసేపు షట్టర్ మారిస్తే ఎండ ఒక్కటే మారుతుంది, ఫ్లాష్ మారదు. అందుకే స్టూడియోలో నేర్చుకున్న వాళ్లకి "షట్టర్ బ్యాక్‌గ్రౌండ్‌ది, అపర్చర్ ఫ్లాష్‌ది" అని నోటికి వచ్చేస్తుంది. అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం. హైస్పీడ్ సింక్‌లో అడుగుపెట్టాక ఆ సూత్రం చెల్లదు. షట్టర్ ఒక స్టాప్ పెంచితే (ఒక స్టాప్ అంటే వెలుగు సగమవడమో రెట్టింపవడమో) ఎండా ఒక స్టాప్ తగ్గుతుంది, ఫ్లాషూ ఒక స్టాప్ తగ్గుతుంది. రెండింటి నిష్పత్తి కదలదు. పైగా అందులోకి అడుగుపెట్టినందుకే ముందుగా రెండు స్టాపుల దాకా సుంకం కట్టాలి. కాబట్టి దీన్ని సూర్యుణ్ణి ఓడించే ఆయుధం అనుకోకు. పట్టపగలు కూడా అపర్చర్ బార్లా తెరిచి, వెనకదంతా వెన్నలా కరిగించుకోవడానికి మాత్రమే ఇది. అది అక్కర్లేని ఫోటోకి దీని అవసరమే లేదు.

లెక్క వేసి చూపిస్తాను. నిండు ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగుని పట్టుకునే సున్నితత్వం) 100 దగ్గర 1/250, ఎఫ్/11 పెడితే సరిపోతుంది. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే అపర్చర్ పెద్దదని గుర్తు. అదే వెలుగు ఎఫ్/2.8కి వస్తే 1/4000. నీ ఫ్లాష్ గైడ్ నంబర్, అంటే దాని బలం చెప్పే అంకె, ఐఎస్‌ఓ 100లో మీటర్ల లెక్కన 36 అనుకో. 36ని 11తో భాగిస్తే 3.3. అంటే ఫుల్ పవర్‌లో, సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె) లేకుండా, మామూలు సింక్‌లో ఆ ఎండకి సమానమైన వెలుగు 3.3 మీటర్ల దాకా అందుతుంది. రెండు స్టాపులు తగ్గిన ప్రతిసారీ దూరం సగమవుతుంది. సాఫ్ట్‌బాక్స్ రెండు స్టాపులు తింటే 1.6 మీటర్లు. హైస్పీడ్ సింక్ ఇంకో రెండు తింటే 80 సెంటీమీటర్లు! నీ ఫోటోల్లో స్టాండ్ నీడ చూస్తే ఫ్లాష్ రెండు మీటర్ల అవతల ఉన్నట్టుంది. మొహం చీకటి పడక ఏమవుతుంది మరి.

అందుకని దగ్గరికి జరుపు. పెద్ద ఫ్లాష్ కొనే ముందు చేయాల్సింది ఇదే, ఖర్చు లేనిది కూడా ఇదే. సాఫ్ట్‌బాక్స్ అంచు ఫ్రేమ్‌కి తగిలీ తగలనట్టు ఉండాలి. తగిలినా ఫరవాలేదు, కెమెరా కదపకుండా ఫ్లాష్, స్టాండ్ పక్కకు తీసేసి ఇంకో ఫోటో తీసి పెట్టుకుంటే తర్వాత ఎడిటింగ్‌లో ఆ భాగం పూడ్చుకోవచ్చు. అప్పటికీ చాలకపోతే సాఫ్ట్‌బాక్స్‌లో లోపలి పొర తీసేయి. ఫోటో తీయించుకునే మనిషిని ఎండకి వీపు పెట్టి నిలబెట్టు, జుట్టు అంచున వెలుగు గీత సూర్యుడే ఇస్తాడు. మొహం నీడలో ఉంటుంది కాబట్టి ఫ్లాష్ తక్కువ కష్టపడుతుంది, ఎదుటివాళ్లు కళ్లు చికిలించాల్సిన అవసరమూ ఉండదు.

వరస కూడా మార్చుకో. ముందు ఫ్లాష్ ఆపేసి, అపర్చర్ నీకు కావలసిన దగ్గర పెట్టి, ఆకాశం రంగు నచ్చేదాకా షట్టర్ పెంచు. నేనైతే వాస్తవం కంటే ఒక స్టాప్ తక్కువలో ఆపుతాను. ఆ తర్వాతే ఫ్లాష్ వెయ్యి, మాన్యువల్‌లో. టీటీఎల్ (ఫ్లాష్ బలాన్ని కెమెరాయే లెక్కగట్టే పద్ధతి) మంచిదే, మనిషి కదులుతుంటే. కానీ ఎదురుగా ఎండ ఉన్నప్పుడు ఒక్కో ఫోటోకి ఒక్కో రకంగా ఊగుతుంది, నాకు దానితో ఓపిక లేదు.

ఫ్లాష్ ఫుల్ పవర్‌లో ఉండి, దగ్గరికి జరిపినా చాలకపోతే లెన్స్‌కి ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని తగ్గించే నల్లటి అద్దం) బిగించు. నాలుగు స్టాపులది వేస్తే ఎఫ్/2.8 ఉంచుకునే 1/250కి దిగొచ్చు, ఆ సుంకం తప్పుతుంది. చిక్కల్లా ఫోకస్ తడబడుతుంది, నాసిరకం ఫిల్టర్ చర్మం రంగు పాడుచేస్తుంది. గ్లోబల్ షట్టర్ (సెన్సర్ మొత్తం ఒకేసారి బొమ్మ పట్టుకునేది) ఉన్న సోనీ ఏ9-3 లాంటి కెమెరాలో తెరలే లేవు, ఈ గొడవంతా ఉండదు. మన చేతిలో ఉన్నది అది కాదు కదా.

కెమెరాలో రెండు చూసుకో. ఎలక్ట్రానిక్ షట్టర్ (తెరలు కదలకుండా సెన్సరే ఆ పని చేసేది) ఆపు, చాలా కెమెరాల్లో దానితో ఫ్లాష్ అసలు వెలగదు. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (మొదటి తెర పని మాత్రం సెన్సర్ చేసేది) కూడా ఆపు, అపర్చర్ బాగా తెరిచి 1/4000 దగ్గర తీస్తే వెనకాల గుండ్రంగా రావాల్సిన వెలుగు చుక్కలు ఒకవైపు కోసేసినట్టు వస్తాయి. ట్రిగ్గర్ మీద హైస్పీడ్ సింక్ బటన్ వేరే ఉంటుంది. నికాన్ అయితే హైస్పీడ్ సింక్ మెనూలో ఆటో ఎఫ్‌పీ అని కనిపిస్తుంది.

వేడి సంగతి మర్చిపోకు. ఈ పద్ధతిలో ఫ్లాష్ మామూలు కంటే త్వరగా కాగిపోతుంది. ఓసారి సాయంత్రపు ఎండ రంగుకి కలవాలని ఫ్లాష్ ముందు నారింజ జెల్ (పల్చటి రంగు ప్లాస్టిక్ కాగితం) అంటించి, తొందరలో ఆపకుండా కొట్టాను. వాసన వచ్చింది. చూస్తే జెల్ కరిగి అద్దానికి అతుక్కుపోయింది, గీకినా రాలేదు. అప్పటినుంచి పది ఫోటోలకోసారి ఆగి కాసేపు మాటల్లో పెడతాను, ఎదుటివాళ్లూ ఆ కాసేపట్లో బిగుసుకున్న భుజాలు వదులుతారు. జెల్ మాత్రం ఇప్పటికీ వాడతాను. పొద్దు వాలే వేళ తెల్లటి ఫ్లాష్ మొహం మీద పడితే మనిషిని ఇంకెక్కడి నుంచో కత్తిరించి అంటించినట్టుంటుంది.

నీ తొమ్మిదో ఫోటో, గోడ నీడలో తీసినది, అన్నిటికంటే బాగుంది. దాంట్లో ఫ్లాష్ లేదని నువ్వే రాశావు. అక్కడ నేనే ఉన్నా అలా తీయాలని నాకు తోచేది కాదు.

ఆదివారం మళ్లీ వెళ్తున్నావు కదా. ఫ్లాష్‌ని ముందు రెండు మీటర్ల దగ్గర, తర్వాత ఒక మీటరు దగ్గర పెట్టి, మిగతావేవీ మార్చకుండా రెండే ఫోటోలు తీయి. ఎడిట్ చేయకుండా రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా దాచిన ముడి ఫైళ్లు పంపు, సెట్టింగులు నేనే చూసుకుంటాను.

ఇట్లు,
పెదనాన్న