వర్ధమానం, వడ్డెమాను, వడ్డీ

సందేహం: పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఒక పుస్తకంలో ‘వర్ధమాన దేశాలు’ అని, ఇంకో పుస్తకంలో ‘అభివృద్ధి చెందుతున్న దేశాలు’ అని ఉంది. మా సారేమో రెండూ వద్దు, ‘ఎదుగుతున్న దేశాలు’ అని రాయమంటారు. ఏది సాధువు? అట్లాగే అంక్టాడ్‌ను ‘ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సమావేశం’ అంటున్నారు. సమావేశమంటే మీటింగు కదా, అది సంస్థ ఎట్లవుతుంది? వాణిజ్యం, వ్యాపారం ఒకటేనా?
— ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

సమాధానం: మీ సారు మాట కొట్టిపారేసేది కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ‘వర్ధమాన’ సంగతి, అంటే ‘పెరుగుతున్న’ అని అర్థం. ఈ ప్రశ్న నాగర్‌కర్నూల్ నుంచి రావడం నాకు మహా ముచ్చటగా ఉంది. ఆ మాట మీ జిల్లాలోనే ఊరై కూర్చుంది మరి. బిజినేపల్లి మండలం నంది వడ్డెమానులో శనేశ్వరుడి గుడికి మీరూ ఎప్పుడో పోయే ఉంటారు. శని త్రయోదశి నాడు తైలాభిషేకానికి బారులు తీరే జనంలో ఎందరికి తెలుసో గాని, ఆ ఊరి పాత పేరు వర్ధమానపురం. అది కందూరు చోడులు ఏలిన సీమ. కాకతీయుల నాడు గోన వంశం వారు అక్కడినుంచే పాలన సాగించారు. రామాయణాన్ని ద్విపదలో, పాడుకోవడానికి వీలుగా చెప్పిన గోన బుద్ధారెడ్డి ఆ వంశంవాడే. ఉత్తరకాండను ఆయన కొడుకులు పూర్తి చేశారు. ఇంటిల్లిపాదీ కవులైన పాలకులు మన పాలమూరులో ఉండేవారని పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు. అదొక బాధ.

వర్ధమానం వడ్డెమాను ఎట్లయిందంటారా? ప్రాకృతంలో ‘ర్ధ’ పోయి ‘డ్ఢ’ వస్తుంది. వర్ధమాన అక్కడ వడ్ఢమాణ. మనవాళ్లు ఒత్తు కూడా దించేసి వడ్డెమాను చేసుకున్నారు. బెంగాలీలు తమ ఊరిని బర్ధమాన్ అన్నారు. అమరావతి దగ్గర ఇంకొక వడ్డమాను ఉంది, అక్కడి కొండమీద జైనుల ఆనవాళ్లు బయటపడ్డాయి. మహావీరుడి అసలు పేరు వర్ధమానుడు కాబట్టి మన వడ్డెమాను పేరూ జైనుల చలవే అనేవాళ్లున్నారు. కావచ్చు. పేరొక్కటే పట్టుకొని ఊరికి మతం అంటగట్టడం నాకు రుచించదు. ‘నానాటికీ పెరిగే పురం’ అని రాజు శుభం కోరి పెట్టుకున్న పేరూ కావచ్చు.

ఇదే దారిన వచ్చిన ఇంకో మాట మన ఇళ్లలో రోజూ నలుగుతుంటుంది. అది వడ్డీ. వృద్ధి ప్రాకృతంలో వడ్ఢి, తెలుగులో వడ్డి. మనం బ్యాంకు కాగితాల్లో చూసే చక్రవడ్డీ ఎవరో నిన్నమొన్న కల్పించింది కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ‘చక్రవృద్ధి’ అని పేరు పెట్టి మరీ దాని గురించి చెప్పింది. అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు వడ్డీ వ్యాపారికి ఇచ్చిన పేర్లలో ‘వృద్ధ్యాజీవుడు’ ఒకటి, అంటే వృద్ధి తిని బతికేవాడు. నల్లగొండ పల్లెల్లో ధాన్యం అప్పిచ్చి పంటకు పెంచి కొలిపించుకున్న ‘నాగు’ పద్ధతి సంగతి మీ తాతల తరానికి బాగా తెలుసు. అట్లా అప్పిచ్చిన దొరలు కూడా వృద్ధ్యాజీవులే.

కాబట్టి అభివృద్ధి, వడ్డీ ఒక్క ధాతువు బిడ్డలు. ప్రపంచ బ్యాంకు గొడుగు కింద 1960లో ‘అంతర్జాతీయ అభివృద్ధి సంఘం’ పుట్టింది. నిరుపేద దేశాలకు దశాబ్దాల గడువుతో, వడ్డీ లేకుండానో నామమాత్రపు వడ్డీకో అప్పులిస్తుంది. చాలాకాలం దాని దగ్గర అందరికంటే ఎక్కువ అప్పు తెచ్చుకున్న దేశం మనదే. 2014లో ఆ అప్పులకు అర్హమైన దేశాల వరస దాటాం. వ్యుత్పత్తిని బట్టి చూస్తే ఆ సంఘం చేసేది వృద్ధి కోసం వృద్ధిని వదులుకోవడం!

వర్ధమానానికి నిఘంటువుల్లో ఇంకా అర్థాలున్నాయి. మట్టి మూకుడు ఒకటి. ఆముదపు చెట్టు ఇంకొకటి, అమరకోశంలో ఏరండానికి చెప్పిన పేర్లలో ఇదీ ఉంది. నీళ్లు లేని పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం ఎందరి బతుకు నిలబెట్టిందో ఎరిగినవాడికి ఈ అర్థం నిఘంటువుకే పరిమితమని అనిపించదు. పుట్టపాక నేతన్నలు తేలియా రుమాలు నూలును ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నానబెడతారు. ఆ రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలెక్కిపోయాయి. ఇవాళ ఆ రుమాలుకు, పోచంపల్లి ఇక్కత్‌కు, గద్వాల, నారాయణపేట చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోసంపత్తి ఒప్పందంలో చేరబట్టి మన దేశం 1999లో చేసుకున్న చట్టం ఫలం అది. అంతర్జాతీయ ఒప్పందాలు మనకెందుకనేవాళ్లు ఒకసారి పుట్టపాక పోయి రావాలి.

ఇక దేశాలకు ఈ విశేషణం. పత్రికలవాళ్లు వర్ధమాన కవి, వర్ధమాన నటుడు అంటారు. మీసాలు నెరిసినవాణ్ణి ఎవరూ వర్ధమాన కవి అనరు, అంటే వాడికి కోపమొస్తుంది. దేశాలకు ఆ కోపం రాదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో వర్ధమాన దేశమంటే ఏదో నిర్వచనమే లేదు, ఎవరికి వారు ‘మేం వర్ధమానులం’ అని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే గడువుల్లోనూ షరతుల్లోనూ వెసులుబాటు దొరుకుతుంది. అందరికంటే వెనుకబడిన దేశాల జాబితా మాత్రం వేరు, 1971 నుంచి ఐక్యరాజ్యసమితే దాన్ని తేలుస్తున్నది. వృద్ధుడు కూడా వృధ్ ధాతువు బిడ్డడే గనుక అరవై ఏళ్లుగా వర్ధమానంగానే ఉన్న దేశాన్ని ఏమనాలో వైయాకరణులు కూర్చుని ఆలోచించాలి.

ఒక హెచ్చరిక. జవాబు పత్రాల్లో ‘వర్తమాన దేశాలు’ అని రాస్తున్నారు. వర్తమానం వృత్ ధాతువుది, ‘ఇప్పుడున్నది’ అని అర్థం. అట్లా రాస్తే మిగతా దేశాలన్నీ గతించిపోయినట్టే.

నా అసలు తగాదా ‘చెందు’తో. మన ఊళ్లలో ‘ఈ భూమి మా చిన్నాయనకు చెందుతది’ అంటారు. అది జీవమున్న మాట. నిఘంటువుల్లో ‘పొందు’ అన్న అర్థమూ ఉంది, కాదనను. కాని ఇప్పుడు పత్రికల్లో మనిషి చావడు, మృతి చెందుతాడు. తల్లిదండ్రులు దిగులు పడరు, ఆందోళన చెందుతారు. దేశాలు బాగుపడవు, అభివృద్ధి చెందుతాయి. మొన్న ఒక వ్యాసంలో ‘అభివృద్ధి చెందిన దేశాలు అభివృద్ధి చెందుతున్న దేశాలకు చెందిన రైతులు’ అని చదివి రైతులెవరికి చెందారో తేల్చుకోలేకపోయాను. క్రియ ఉండగా నామవాచకానికి ‘చెందు’ తగిలించడం రాతగాళ్ల బద్ధకం.

తీర్పు అడుగుతారు కదా. శాస్త్ర గ్రంథాల్లో వర్ధమానం చక్కగా ఒదుగుతుంది, పొట్టిగానూ ఉంటుంది. పదిమందికి చదివి వినిపించే వ్యాసంలో మీ సారు చెప్పిన ‘ఎదుగుతున్న’ నాకు ఎక్కువ నచ్చుతుంది. ‘అభివృద్ధి చెందుతున్న’ తప్పని కొట్టేయలేను, అది ఇప్పటికే ప్రభుత్వ పత్రాల్లో పాతుకుపోయింది. పరీక్షలో ప్రశ్న ఏ మాటతో ఉంటే ఆ మాటతోనే జవాబు రాయండి నాయనా, మార్కులు వేసేది నేను కాదు.

అంక్టాడ్ గురించి మీ అనుమానం న్యాయమైనదే. 1964లో మార్చి నుంచి జూన్ దాకా జెనీవాలో జరిగింది నిజంగా సమావేశమే. దాని చివర్లోనే 77 దేశాలు ఒక జట్టు కట్టాయి. ఆ డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ సమావేశాన్ని తన శాశ్వత అంగం చేసింది, పేరు మాత్రం మార్చలేదు. అప్పటినుంచి అది ముగియని సమావేశం. పేద దేశాల సరుకుకు ధనిక దేశాలు సుంకం తగ్గించే పద్ధతికి ఒప్పుదల కుదిరింది 1968లో ఢిల్లీలో జరిగిన రెండో సమావేశంలో. చివరికి 60 ఏళ్లు నిండిన 2024లో ఆ సంస్థే వాడుక పేరులోంచి ‘సమావేశం’ తీసేసుకొని ‘ఐరాస వాణిజ్యం, అభివృద్ధి’ అని పిలిపించుకుంటున్నది. మన పత్రికలు ఇంకా ‘అంక్టాడ్ సమావేశం సమావేశమైంది’ అని రాస్తున్నాయి. ‘అంక్టాడ్ సభ్య దేశాలు సమావేశమయ్యాయి’ అంటే పోయేదేముంది?

వాణిజ్యం వణిక్కు, అంటే వర్తకుడు, చేసేది. వ్యాపారానికి సంస్కృతంలో మొదటి అర్థం పని, చేష్ట. సరుకు అమ్మకమన్న అర్థం తర్వాత వచ్చి తిష్ఠ వేసింది. ఇప్పటి వాడుకలో కిరాణా వ్యాపారం అంటారు, కిరాణా వాణిజ్యం అనరు. దేశాల మధ్య జరిగేదాన్ని వాణిజ్యమంటారు. చిన్న వ్యాపారులకు ఎగుమతి మెలకువలు నేర్పే జెనీవా సంస్థను సైతం ‘అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం’ అనే రాస్తున్నాం. మీరు ‘అంతర్జాతీయ వ్యాపారం’ అని రాసినా తప్పు పట్టను. ‘ఇంటర్నేషనల్ బిజినెస్’ అని తెలుగు లిపిలో రాస్తే మాత్రం ఇంకో ఉత్తరం రాయకండి.